కొన్న పులుపు – ఇంటి పోపు: రామచంద్రపురం ప్రాంతపు వంటలో నిల్వపదార్థాల చరిత్ర

వ్యాససంగ్రహం:

ఉప్పువేసి పులియబెట్టిన క్యాబేజీని ఐరోపా వాసులు సౌర్‌క్రౌట్ అంటారు. నేడు దీన్ని చాలామంది దుకాణంలో సీసాగానో డబ్బాగానో కొని, ఇంటికి తెచ్చి వండుకొంటున్నారు. తయారీలో మొదటి దశ అంగడిది, రెండవ దశ ఇంటిది. ఈ రెండు దశల విభజన గోదావరి డెల్టా వంటకు కొత్తది కాదు. చింతకాయ తొక్కు, ఉసిరికాయ తొక్కు, వరుగులు, పనసపొట్టు, పూతరేకుల విషయంలో ఇలాంటి విభజనే కనిపిస్తుంది. రామచంద్రపురం, దాని పరిసర ప్రాంతాలను కేంద్రంగా తీసుకొని, నిల్వచేసిన పులుపు వంటగా మారే క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పదాల సాక్ష్యం, శీతోష్ణస్థితి, వంటపద్ధతి, శ్రమవిభజన అనే నాలుగు అంశాలు ఇందులో చర్చకు వస్తాయి. నిల్వపదార్థం అంగడికి తరలినా, దానికి రుచిని, పొందికను కూర్చే పని ఇంట్లోనే మిగిలిందనీ, ఆహారచరిత్ర ఈ పనికి తగిన స్థానం ఇవ్వలేదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఊరగాయ, తొక్కు, తరవాణి, పోపు, సౌర్‌క్రౌట్, గోదావరి డెల్టా, రామచంద్రపురం, స్త్రీల శ్రమ.

ఉపోద్ఘాతం:

సౌర్‌క్రౌట్‌ను తెలుగులో పరిచయం చేసేవారు సాధారణంగా ‘క్యాబేజీ ఊరగాయ’ అంటారు. ఈ మాట వినగానే తెలుగువారి మనసులో అన్నంలో నంజుకొనే ఒక పదార్థం మెదులుతుంది. కాని సౌర్‌క్రౌట్‌ను దాని సొంత నేలపై అలా వాడరు. జర్మనీలో, అల్సాస్‌లో, పోలండులో, రష్యాలో దాన్ని గిన్నెడు పరిమాణంలో కూరలా వండుతారు, పులుసులా కాస్తారు, దుంపలతోను మాంసంతోను కలిపి ఉడికిస్తారు. ఊరగాయను మనం వండం. ఆవకాయను పొయ్యిమీద పెట్టి ఉడికించడం తెలుగింట మామూలుగా కనిపించని పని. కాబట్టి ‘ఊరగాయ’ అనే అనువాదం పదార్థాన్ని కొంతవరకు చెబుతుందే కాని, దాని వాడకాన్ని చెప్పదు.

ఇది కేవలం అనువాద సమస్య అయితే నిఘంటుకారులకు వదిలివేయవచ్చు. దీని వెనుక ఒక చరిత్ర ప్రశ్న కూడా ఉంది. బయట పులిసి, సీసాలో ఇంటికి వచ్చిన పదార్థాన్ని వండినప్పుడు ఆ వంటను ఇంటివంట అనవచ్చునా? అనవచ్చు అంటే, ఇంటివంటకు గుర్తు ఏది? ఊరబెట్టడమా, పోపు పెట్టడమా? ఆహారసంస్కృతిపై వచ్చే రచనలు చాలావరకు మొదటి దశనే సంప్రదాయంగా గుర్తించి, కొనుక్కోవడాన్ని ఆ సంప్రదాయపు క్షీణతగా వర్ణిస్తాయి. ఆ తీర్పు ఎంతవరకు నిలుస్తుందో గోదావరి డెల్టా ఉదాహరణలతో పరీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఐరోపాకు, డెల్టాకు మధ్య ఇక్కడ చేసే పోలిక పద్ధతికి సంబంధించినది. ఒకరి నుండి మరొకరు నేర్చుకొన్నారన్న వాదన ఇందులో లేదు.

1. ప్రాంత నేపథ్యం:

రామచంద్రపురం గోదావరి తూర్పు డెల్టాలోని పట్టణం. నదీపాయల లెక్కన చూస్తే గౌతమికి తూర్పున ఉంది. గౌతమి, వసిష్ఠల నడుమనున్న కోనసీమ ద్వీపభాగానికి అవతలి ఒడ్డు. పాలనాపరంగా చూస్తే, చాలాకాలం తూర్పుగోదావరి జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన కోనసీమ జిల్లాలో చేరింది. ఈ పట్టణానికి దగ్గరలోనే పంచారామాలలో ఒకటైన ద్రాక్షారామం ఉంది. 17వ శతాబ్దంలో డచ్చి వర్తకులు ఆ ద్రాక్షారామంలోనే ఒక వర్తకస్థానం నడిపారు. ఆగ్నేయాన గౌతమీతీరంలోని యానాం 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉంది. మారుమూల పల్లెసీమగా కనిపించే ఈ ప్రాంతానికి బయటి ప్రపంచంతో సరుకుల రాకపోకలు ఏనాటినుండో ఉన్నాయి.

ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాని కాలువలతో తూర్పు డెల్టా వరిసీమగా స్థిరపడింది. సార్వా, దాళ్వా అనే రెండు పంటల మాటలు ఇక్కడి వ్యవసాయ భాషలో భాగమయ్యాయి. వరి సమృద్ధి అంటే బియ్యం కడిగిన నీరు, వార్చిన గంజి కూడా సమృద్ధి. తరవాణికి ఆధారం ఇదే. అయితే ఇదే డెల్టా వరదలకు, తుపానులకు నెలవు. 1986 ఆగస్టు వరదలు, 1996 నవంబరు తుపాను ఈ ప్రాంతపు జ్ఞాపకంలో ఇంకా ఉన్నాయి. వరద వచ్చినప్పుడు లంకగ్రామాలకు దారులు మూసుకుపోతాయి. సంత జరగదు, కూరగాయ దొరకదు. అటువంటి రోజుల్లో జాడీలో ఉన్నదే కూర. కాబట్టి డెల్టాలో నిల్వపదార్థం రుచికోసం చేసుకొన్న విలాసం మాత్రమే కాదు. కూరలేని రోజుకు చేసుకొన్న ఏర్పాటు.

డొక్కా సీతమ్మ (1841–1909) చరిత్రను ఈ వెలుగులో చూడవచ్చు. మండపేటలో పుట్టి, లంకల గన్నవరంలో స్థిరపడిన ఆమె, ఏ వేళకు ఎవరు వచ్చినా అన్నం పెట్టిన తల్లిగా ప్రసిద్ధురాలు. చెప్పకుండా వచ్చే అతిథికి వేళకాని వేళ అన్నం పెట్టగల ఇంట్లో బియ్యం ఒక్కటే ఉంటే చాలదు. అన్నంలోకి ఏదో ఒకటి సిద్ధంగా ఉండాలి. నిరంతర అన్నదానం వెనుక నిరంతర నిల్వ ఉంటుందని ఊహించడం అసంగతం కాదు. దాతృత్వాన్ని కీర్తించిన రచనలు ఈ నిల్వల వెనుక పనిని సాధారణంగా ప్రస్తావించవు.

2. ఊరడం, పులియడం – పదాల సాక్ష్యం:

వంటింటి చరిత్రకు లిఖితాధారాలు ఒక వైపే మొగ్గుతాయి. ద్రాక్షారామ భీమేశ్వరాలయ శాసనాలు అఖండదీపాలకు ఇచ్చిన పశువులను, నేతిని నమోదు చేశాయి. దేవుడికి చేరినది రాతికెక్కింది. ఇంటి మూలనున్న కుండకు ఆ అవకాశం లేదు. కావ్యాలు విందును వర్ణించాయి. కృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువును బట్టి పెట్టే భోజనాలలో వానకాలపు వడియాలు, వరుగులు, చలికాలంలో ముక్కుకు ఘాటు తగిలే ఆవపెట్టిన పచ్చళ్ళు, ఊరుగాయలు ఉన్నాయి. 16వ శతాబ్ది నాటికి నిల్వపదార్థాలకు తెలుగు విందులో గౌరవస్థానం ఉందని దీనివల్ల తెలుస్తుంది. వాటిని ఎవరు, ఎలా తయారు చేశారన్నది కావ్యవిషయం కాదు. అందుచేత ఆ సమాచారం కోసం భాషవైపు తిరగాలి.

‘ఊరగాయ’ అన్న మాటలో ‘ఊరు’ ధాతువు ఉంది. నానడం, రసం దిగడం, రసం పట్టడం దాని అర్థాలు. తమిళంలోని ‘ఊఱుగాయ్’ దీనికి సోదరపదం. కన్నడం మాత్రం ‘ఉప్పినకాయి’ అని ఉప్పును పేరులో పెట్టుకొంది. తెలుగు, తమిళాలు జరిగే క్రియను పేరుగా తీసుకొంటే, కన్నడం ఆ క్రియకు కారణమైన వస్తువును తీసుకొంది. ‘పులియు’ అన్నది వేరొక ధాతువు. పులుపు, పులుసు, పులిహోర, పులిసిన మజ్జిగ, పులిసిన పిండి అన్నీ ఈ కుటుంబంలోనివి. తమిళంలో చింతపండును ‘పుళి’ అనే అంటారు.

తెలుగు ఈ రెండు మార్పులను ఎక్కడా కలపదు. మామిడికాయ ఊరుతుంది, దోసెల పిండి పులుస్తుంది. మామిడికాయ పులిసిందంటే పాడయిందని అర్థం. ఈ భేదానికి రసాయన ఆధారం ఉంది. మామిడి, చింత, నిమ్మ, ఉసిరి పుట్టుకతోనే పుల్లనివి. వాటి పులుపు కాయలోనే ఉంది. ఉప్పు ఆ రసాన్ని బయటికి లాగి, చెడిపోకుండా కాపాడుతుంది. క్యాబేజీలో పులుపు లేదు, చక్కెరలున్నాయి. ఆ చక్కెరలను లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా ఆమ్లంగా మారుస్తాయి. అంటే క్యాబేజీ ఊరడమే కాదు, పులుస్తుంది. జర్మన్ పేరు కూడా ‘పుల్లని ఆకు’ అనే చెబుతుంది. కనుక సౌర్‌క్రౌట్‌కు ‘ఉప్పులో పులిసిన క్యాబేజీ’ అన్నది సరైన తెలుగు. ఊరగాయల జాబితాలో కంటే తరవాణి, పులిసిన మజ్జిగ, పులిసిన పిండి ఉన్న వరుసలో దాని చోటు.

3. ఉప్పు, వేడి, కాలం:

సౌర్‌క్రౌట్ తయారీలో క్యాబేజీ తరుగు బరువుకు 2 నుండి 2.5 శాతం ఉప్పు వేస్తారు. అంటే కిలోకు 20 నుండి 25 గ్రాములు. ఆ ఉప్పుకు తరుగులోంచి నీరు దిగుతుంది. తరుగు ఆ నీటిలో మునిగి గాలి తగలకుండా ఉండాలి. మొదట ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడీస్ అనే బాక్టీరియా పనిచేస్తుంది. పులుపు పెరిగేకొద్దీ లాక్టిప్లాంటిబాసిల్లస్ ప్లాంటారం వంటివి దాని స్థానాన్ని ఆక్రమిస్తాయి. సుమారు 18 నుండి 20 డిగ్రీల సెల్సియస్ వద్ద ఈ క్రమం కొన్ని వారాలపాటు నిదానంగా సాగుతుంది. శీతదేశాల్లో ఆకురాలు కాలంలో కోసిన క్యాబేజీ ఇలా చలికాలమంతటికీ కూరైంది. ఓడల్లో సుదూర ప్రయాణాలకు కూడా ఇది పనికివచ్చింది. 1768–1771 మధ్య ఎండెవర్ ఓడపై చేసిన యాత్రలో జేమ్స్ కుక్ తన నావికులకు స్కర్వీ రాకుండా దీన్ని పెట్టించాడు.

ఇదే పద్ధతిని డెల్టా వేసవిలో అనుసరిస్తే ఫలితం వేరు. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటిన చోట పులియడం వేగంగా జరుగుతుంది. మొదటి దశ బాక్టీరియాకు సమయం చాలదు. రుచి మొరటుగా, తరుగు మెత్తగా అవుతుంది. అంత తక్కువ ఉప్పుతో ఏడాదిపాటు నిలవదు. ఈ వేడికి డెల్టా వంటిల్లు రెండు వేరువేరు సమాధానాలు కనుగొంది.

మొదటిది ఏడాది నిల్వ. దీనికి పుట్టుకతో పుల్లనైన కాయను ఎంచుకొన్నారు. ఉప్పును ఎన్నో రెట్లు పెంచారు. ఎండను, నూనెను, ఆవపిండిని తోడు తెచ్చుకొన్నారు. పోర్చుగీసువారి రాకతో 16వ శతాబ్దం నుండి భారతదేశంలో వ్యాపించిన మిరప తరువాత ఈ వరుసలో చేరింది. మాగాయ ఇందుకు మంచి ఉదాహరణ. ముక్కలను ఉప్పులో ఊరనిచ్చి, పిండి, ఎండబెట్టి, ఊటను కూడా ఎండలో ఉంచి, మళ్ళీ రెండింటినీ కలుపుతారు. సూక్ష్మజీవులకు కావలసిన తేమను తగ్గించడం ఇందులోని కీలకం.

రెండవది రోజువారీ పులుపు. తరవాణి అటువంటిది. గంజిని, బియ్యం కడిగిన నీటిని కుండలో పోసి పులియనిచ్చి, అందులోంచి తీసి వాడుకొంటూ, కొత్త గంజిని చేరుస్తూ పోయేవారు. వేసవి ఉదయాల్లో తరవాణి అన్నం, ఉప్పు, ఉల్లిపాయ, ఆవకాయ పిల్లలకూ పనివాళ్ళకూ ఆహారమైంది. తరవాణి కుండ నిల్వపాత్ర కాదు. నిరంతరం సాగే ఒక ప్రవాహం. అన్నం వార్చడం మాని ఎసరు ఇంకిపోయేలా వండడం, ప్రెషర్ కుక్కర్ వాడటం పెరిగేకొద్దీ ఇంట్లో గంజి లేకుండా పోయింది. గంజి లేని ఇంట్లో తరవాణి కుండకు పని లేదు. ఒక ఆహారం కనుమరుగు కావడానికి అభిరుచి మారడమే కారణం కానక్కరలేదు. దానికి ముడిసరుకైన మరొక పని ఆగిపోవడం చాలు.

ఉప్పు విషయంలో రాజ్యం పాత్రను కూడా గుర్తించాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1805లో ఉప్పుపై ప్రభుత్వ గుత్తాధిపత్యం ఏర్పడింది. ఉప్పుపన్ను 1947లో రద్దయింది. ఏడాదికి సరిపడా ఊరగాయ పెట్టడమంటే ఒకేసారి పెద్దమొత్తంలో ఉప్పు, నూనె కొనడం. అది అందరికీ సాధ్యమైన పని కాదు. నిండిన జాడీలు ఇంటి స్తోమతకు గుర్తు కావడం వెనుక ఈ ఆర్థికకారణం ఉంది. ఉప్పు ఖర్చు అంతగా లేని తరవాణి కలిగినవారింటా లేనివారింటా ఉండగలిగింది.

4. తొక్కు నుండి పచ్చడి – రెండు దశల వంట:

సౌర్‌క్రౌట్‌కు వాడకంలో అత్యంత సన్నిహితమైన తెలుగు పదార్థం చింతకాయ తొక్కు. శీతకాలంలో చింతకాయ ముదిరి గింజ గట్టిపడకముందే కోసి, కడిగి, తడి ఆరనిచ్చి, ఉప్పు, పసుపు వేసి రోట్లో దంచుతారు. మూడవ రోజున తీసి, పీచును, ఈనెలను, గింజలను ఏరివేసి, మళ్ళీ దంచి జాడీకెత్తుతారు. ఇది తొక్కు. ఇంతవరకు అది తినడానికి సిద్ధమైన వంటకం కాదు. కావలసిన రోజున కావలసినంత తీసి, వేయించిన మిరపకాయలు, మెంతులు, ఇంగువ చేర్చి నూరి, పోపు పెడితే అది చింతకాయ పచ్చడి. ఉసిరికాయ తొక్కు వాడకం కూడా ఇంతే.

ఒకే పదార్థానికి రెండు దశల్లో రెండు పేర్లు ఉండటం గమనించదగ్గది. జాడీలో ఉన్నది తొక్కు; కంచంలోకి వచ్చినది పచ్చడి. తెలంగాణలో ‘తొక్కు’ అన్న మాట పచ్చడికి, ఊరగాయకు సాధారణనామంగా వ్యాపించగా, గోదావరి ప్రాంతంలో అది ముడిదశకే ఎక్కువగా పరిమితమైంది. ‘తొక్కు’ క్రియాపదంగా కాలితో అదమడాన్ని చెబుతుంది. పెద్ద పీపాల్లో క్యాబేజీ తరుగును కాళ్ళతో తొక్కి అణచే అలవాటు ఐరోపా పల్లెల్లో ఉండేది. నీరు దిగేదాకా అణచడం రెండుచోట్లా మొదటి దశకు ముఖ్యమైన పని. సాధనం మాత్రం వేరు: అక్కడ పాదం, ఇక్కడ రోకలి.

మామిడి వరుగులు కూడా రెండు దశలవే. ఎండిన ముక్కను ఎవరూ నేరుగా తినరు. నానబెట్టి పప్పులో వేస్తారు. చల్లమిరపకాయ మజ్జిగలో ఊరి, ఎండి, నూనెలో వేగిన తరువాతే భోజనంలోకి వస్తుంది. మాగాయను నేరుగా తినవచ్చు. పెరుగులో కలిపి పోపు పెడితే అది పెరుగుపచ్చడి అనే వేరొక వంటకం అవుతుంది. వీటన్నిటిలో కనిపించే సూత్రం ఒకటే. నిల్వపదార్థం సగం వంట. మిగిలిన సగం పొయ్యి దగ్గర పూర్తి కావాలి.

5. పులుపును వండే పద్ధతి:

దుకాణంలో కొన్న సౌర్‌క్రౌట్ రెండు రకాలు. సీసాలలోను డబ్బాలలోను బయట అరలపై ఉండేది సాధారణంగా వేడిచేసి సూక్ష్మజీవులను చంపినది. శీతలపెట్టెలో అమ్మేది చాలావరకు సజీవ బాక్టీరియా ఉన్నది. వండితే ఆ బాక్టీరియా చనిపోతుంది. పులుపు పోదు, ఎందుకంటే ఆమ్లం తరుగులోనే ఉంటుంది. వండే క్రమంలో నాలుగు నిర్ణయాలు ఉంటాయి. ఈ నాలుగూ డెల్టా వంటింటికి పరిచితమైనవే.

మొదటిది ఉప్పును, పులుపును అంచనా వేయడం. అల్సాస్ వంటవారు వండేముందు తరుగును పిండి, రుచిచూసి, అవసరమైతే నీటితో కడుగుతారు. ఎక్కువ కడిగితే రుచి, సి విటమిను నీటిలో పోతాయి. తొక్కు వాడే తెలుగు ఇల్లాలు కూడా ముందు నాలుకపై వేసుకొని చూస్తుంది. వంటలో ఉప్పును చివరకు వదిలిపెడుతుంది. నిల్వపదార్థపు ఉప్పు ఎంతో తెలియకుండా పొయ్యిమీది గిన్నెలో ఉప్పు వేయకపోవడం రెండుచోట్లా మొదటి నియమం.

రెండవది పులుపును మోసే చప్పని పదార్థాన్ని ఎంచుకోవడం. అక్కడ బంగాళాదుంప, ఆపిల్, మాంసం; ఇక్కడ కందిపప్పు, అన్నం, పెరుగు. పోలండువారి బిగోస్‌లో మాంసం, రష్యావారి ష్చీలో పులుసునీరు చేసే పనిని మన గోంగూరపప్పులో కందిపప్పు చేస్తుంది.

మూడవది వరుస. కాయగూరల, పప్పుల కణాలను పట్టి ఉంచే పెక్టిన్ పులుపు సమక్షంలో త్వరగా కరగదు. అందువల్ల పప్పు మెత్తబడక ముందే పులుపు వేస్తే పలుకు మిగులుతుంది. పప్పు ఉడికాకే పులుపు చేర్చాలని పెద్దలు చెప్పే మాటకు కారణం ఇదే. సౌర్‌క్రౌట్‌లో పచ్చి బంగాళాదుంప ముక్కలు వేసినా అదే ఇబ్బంది. ముందుగా ఉడికించి కలపడం మేలు.

నాలుగవది కొవ్వు, సుగంధద్రవ్యాలు. ఐరోపాలో పందికొవ్వులోనో బాతుకొవ్వులోనో ఉల్లిపాయ వేయించి, సీమజీలకర్ర చేరుస్తారు. గోదావరి జిల్లాల్లో నూనె కాచి ఆవాలు, మినపపప్పు, మెంతులు, ఎండుమిరపకాయలు, ఇంగువ, కరివేపాకు వేసి పోపు పెడతారు. నూనెలో కరిగే సుగంధాలు పులుపుపై పొరలా పరుచుకొని దాని మొరటుతనాన్ని తగ్గిస్తాయి.

పాత్రల ఎంపిక కూడా ఈ జ్ఞానంలో భాగమే. పులుపు కళాయి లేని ఇత్తడిని తింటుంది. అందుకే పులుసు కాయడానికి రాచ్చిప్ప, నిల్వకు జాడీ వాడారు. సౌర్‌క్రౌట్ నిల్వకు జర్మనులు కాల్చిన మట్టిజాడీలను, కొయ్యపీపాలను ఎంచుకోవడానికీ ఇదే కారణం.

ఆవ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆవాలు, క్యాబేజీ ఒకే వృక్షకుటుంబానికి చెందినవి. రెండింటిలోనూ గంధకంతో కూడిన గ్లూకోసినోలేట్లు ఉన్నాయి. ఆవాలను నీటితో నూరినప్పుడు మైరోసినేస్ అనే ఎంజైము వాటిని విడగొట్టి ఘాటును పుట్టిస్తుంది. అధిక వేడికి ఆ ఎంజైము నశిస్తుంది, ఘాటు ఎగిరిపోతుంది. కోనసీమ ప్రాంతంలో పనసపొట్టు కూరను దించిన తరువాత ఆవ కలపడం ఈ కారణంగానే సార్థకం. పొయ్యిమీద ఏది వేయాలో ఎంత ముఖ్యమో, దించాక ఏది వేయాలో అంతే ముఖ్యం. రెండవ దశను ‘వేడిచేయడం’ అని తేలికగా తీసివేయలేమని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

6. ఇంటి నుండి అంగడికి:

ఊరగాయ పెట్టడం చిరకాలం ఇంటిలోపలి పని. వేసవిలో కాయలు దొరికే కొద్దిరోజుల్లోనే ఏడాది పని పూర్తికావాలి. కాయలు తుడవడం, ముక్కలు కొట్టడం, కారం దంచడం, ఆవపిండి కొట్టడం, తడి తగలకుండా కలపడం స్త్రీల చేతులమీద సాగేవి. మడి పాటించే ఇళ్ళలో ఈ పనికి ఎవరు చేయివేయవచ్చు, ఎవరు జాడీ తాకవచ్చు అన్న కట్టుబాట్లు ఉండేవి. తడిచేయి తగిలితే పాడవుతుందన్న ఆచరణాత్మక జాగ్రత్త, ఫలానావారు తాకితే మైలపడుతుందన్న కులాచారం ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. కొన్న ఊరగాయపై చాలాకాలం ఉన్న విముఖతను రుచికి మాత్రమే సంబంధించిన విషయంగా చెప్పడం ఈ చరిత్రను మరుగుపరచడమే. అంగడిలోని సీసా ఎవరు చేశారో చెప్పదు. సంప్రదాయవాదికి అదే అభ్యంతరం. కులకట్టుబాటుకు బయట నిలబడినవారికి అదే వెసులుబాటు.

ఊరగాయ అమ్మకం డెల్టా ప్రాంతంలో కుటీరపరిశ్రమగా కూడా ఎదిగింది. గోదావరికి పడమట, పెరవలి మండలంలోని ఉసులుమర్రు గ్రామం పచ్చళ్ళ తయారీకి, అమ్మకానికి పేరుపొందింది. 1955 నాటి పండ్ల ఉత్పత్తుల ఉత్తర్వుతో వాణిజ్య తయారీదారులకు లైసెన్సు నిబంధనలు వచ్చాయి. 1980లో రామోజీ సంస్థల ప్రియా ఫుడ్స్ ప్రారంభమయ్యాక తెలుగు ఊరగాయ సీసాల్లో దేశవిదేశాలకు చేరింది. గల్ఫ్ దేశాలకు, అమెరికాకు వలసపోయిన గోదావరి జిల్లాల కుటుంబాలకు ఆ సీసా ఇంటిరుచికి ప్రతినిధి అయింది. అదే వలసజీవితంలో సౌర్‌క్రౌట్ వారికి పక్క అరలోని వస్తువైంది.

అంగడికి తరలినవాటిలో పూర్తిగా సిద్ధమైన వస్తువులకంటే సగం సిద్ధమైనవి చరిత్రకారుడికి ఎక్కువ విషయం చెబుతాయి. పనసకాయను చెక్కుతీసి సన్నని పొట్టుగా కొట్టడం నేర్పు కావలసిన పని. జిగురు చేతికి అంటుతుంది, కత్తివేటు తప్పకూడదు. కోనసీమ బజార్లలో పొట్టు కొట్టి అమ్మేవారి దగ్గర కొని, ఇంట్లో ఆవపెట్టి వండుకోవడం మామూలు విషయం. ఆ కూరను ‘కొన్న కూర’ అని ఎవరూ అనరు. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులలోనూ ఇదే పద్ధతి ఉంది. కుండమీద రేకు తీయడం ఒక పని. రేకును తడిగుడ్డతో మెత్తపరచి, నెయ్యి, పంచదార లేదా బెల్లం వేసి చుట్టడం మరొక పని. ఉత్త రేకులు కొని ఇంట్లో చుట్టుకొన్నవారు తాము పూతరేకులు చేశామనే చెప్పుకొంటారు.

అంటే డెల్టా సమాజం తన వ్యవహారంలో ఈ ప్రశ్నకు ఏనాడో సమాధానం ఇచ్చింది. కష్టమైన, సమయం పట్టే, ప్రత్యేక నేర్పు కావలసిన మొదటి దశను ఊళ్ళోని మరొకరికి అప్పగించడం ఇంటివంటకు భంగం కాదు. రుచిని ఇంటివారికి తగినట్టు తీర్చిదిద్దడం మాత్రం ఇంట్లో జరగాలి.

7. చర్చ:

పై ఉదాహరణల వెలుగులో ఆహారచరిత్ర రచనలోని ఒక అలవాటును పునఃపరిశీలించవలసి ఉంది. వారసత్వమని గుర్తింపు పొందేది ఎక్కువగా తయారీ. రేకు తీసే చేయి, ఊరగాయ కలిపే చేయి ఛాయాచిత్రాల్లోకి వస్తాయి. తొక్కును రుచిచూసి ఈ పూట ఎంత తీయాలో, ఎంత కారం చేర్చాలో, ఇంట్లో ముసలివారికి ఎంత పులుపు తగ్గించాలో నిర్ణయించే మనిషి కనిపించదు. మొదటి పని ఏడాదికి ఒకసారి పండుగలా జరుగుతుంది కనుక జ్ఞాపకంలో నిలిచింది. రెండవది రోజూ జరుగుతుంది కనుక లెక్కకు రాలేదు.

దీనివల్ల రెండు నష్టాలున్నాయి. కొనుక్కొనే స్త్రీలు సంప్రదాయాన్ని వదిలేశారన్న నింద నిలబడిపోతుంది. రోజూ పొయ్యి దగ్గర వారు చేసే పనికి విలువ కట్టడం జరగదు. మరోవైపు, అమ్మకానికి తయారు చేసే స్త్రీల శ్రమ సీసాపై అంటించిన సంస్థ పేరు వెనుక మరుగవుతుంది. ‘అమ్మచేతి రుచి’ అన్న ప్రకటన అమ్మేవారిని గురించి గాని, ఆ అమ్మను గురించి గాని ఏమీ చెప్పదు. ఇంటిలోపలి పనిని, కూలికి చేసే పనిని ఒకే చరిత్రలోని రెండు దశలుగా చూసినప్పుడే ఈ రెండు శ్రమలూ కలిసి కనిపిస్తాయి.

సౌర్‌క్రౌట్‌తో పోలిక ఇక్కడ ఉపకరిస్తుంది. అల్సాస్‌లో పులిసిన క్యాబేజీని కొని వండిన ఇంటిని ఎవరూ సంప్రదాయభ్రష్టమని అనరు. అక్కడ వంటకపు కీర్తి ఉడికించే నేర్పులో ఉంది. ఆ దృష్టితో మన వంటింటిని చూస్తే పోపు, ఆవ, పప్పు ఉడికే వరుస, ఉప్పును చివరికి ఉంచే జాగ్రత్త మొదలైనవన్నీ చరిత్ర రచనకు యోగ్యమైన విషయాలవుతాయి.

ముగింపు:

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

1. తెలుగు భాష ‘ఊరడం’, ‘పులియడం’ అనే మార్పులను స్పష్టంగా వేరుచేస్తుంది. సౌర్‌క్రౌట్‌ను ‘ఊరగాయ’ అనడం ఈ భేదాన్ని చెరిపివేస్తుంది. ‘ఉప్పులో పులిసిన క్యాబేజీ’ అన్న వివరణ దాని స్వభావానికి దగ్గరగా ఉంటుంది.

2. డెల్టా వేడి కారణంగా ఇక్కడ తక్కువ ఉప్పుతో దీర్ఘకాలం పులియబెట్టే పద్ధతికి బదులు, ఎక్కువ ఉప్పుతో ఏడాది నిల్వ, తరవాణి వంటి రోజువారీ పులుపు అనే రెండు మార్గాలు ఏర్పడ్డాయి.

3. తొక్కు, వరుగు, పనసపొట్టు, పూతరేకు మొదలైనవి రెండు దశల ఆహారాలు. మొదటి దశ ఇంటిబయటికి తరలినా, రెండవ దశను చేసినవారే వంటకర్తలుగా గుర్తింపు పొందారు.

4. కొన్న ఊరగాయపై విముఖతలో రుచితోపాటు మడి, కుల కట్టుబాట్ల పాత్ర ఉంది. అంగడి సరుకు ఆ కట్టుబాట్లను కొంతవరకు పలుచబరచింది.

5. రోజువారీ రెండవ దశ శ్రమ చాలావరకు స్త్రీలది. ఆహారచరిత్రలో దానికి స్వతంత్రమైన అధ్యాయం ఉండాలి.

రామచంద్రపురం వంటి పట్టణాల్లో ఆహారసంస్కృతిపై క్షేత్రపరిశోధన చేసే విద్యార్థులు ‘మీ ఇంట్లో ఊరగాయ పెడతారా?’ అన్న ప్రశ్నతో ఆగిపోతున్నారు. ‘పెట్టం, కొంటాం’ అన్న జవాబుతో ఆ పుట ముగుస్తుంది. ‘కొని తెచ్చినదాన్ని ఏం చేస్తారు?’ అని మరొక ప్రశ్న అడిగితే, తరవాణి కుండ మాయమైన ఇళ్ళలో కూడా దాని వెనుకనున్న వంటజ్ఞానం ఎక్కడ దాగి ఉందో బయటపడుతుంది. ఆ జవాబులను చెప్పగల పెద్దవాళ్ళు ఉండగానే వాటిని నమోదు చేయవలసి ఉంది.